శైలజ మిస్ ఎవరి జోడీ

శైలజ ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే ఆమెకు చెప్పడం రాదు. బళ్ళో పని అంటుంది. టీచరా అంటే అవునంటుంది. ఏం సబ్జెక్టు అంటే మాత్రం నీళ్ళు నములుతుంది. ఆమె అత్త ఈరమ్మ ఒకసారి పట్టుబట్టి అడిగింది. ఒక పాప పక్కన కూర్చుంటానని, రాయనని మొరాయిస్తే చెయ్యి పట్టి రాయిస్తానని, మరీ గొడవ చేస్తే బయట కాసేపు తిప్పి మళ్ళీ క్లాసుకు తీసుకొస్తానని శైలజ చెప్పింది. ఈరమ్మ అంతా శ్రద్ధగా విని, "ఒక్క పిల్ల కోసమా? గిందుకేనా గంత సదువు సదివినవు?" అంది. శైలజకు కోపం రాలేదు. ఆ ప్రశ్న ఆమె తనను తాను ఎన్నిసార్లు వేసుకుందో లెక్కే లేదు కాబట్టి, అత్త అడిగేసరికి కొత్తగా రావడానికి కోపమేమీ మిగల్లేదు.

ఆ పనికి షాడో టీచర్ అని పేరుంది. తెలుగులో నీడ టీచరమ్మ అనాలేమో, అంటే జనం నవ్వుతారు. మిగతా పిల్లలతో కలిసి చదవడానికి కాస్త ఇబ్బంది పడే పిల్లకు తోడుగా, ఆ పిల్ల తల్లిదండ్రులే జీతమిచ్చి పెట్టుకునే మనిషి అన్నమాట. పనేమో బడి లోపల, ఉద్యోగమేమో బడిది కాదు. స్టాఫ్‌రూంలో ఆమెకు కుర్చీ లేదు. టీచర్స్ డే నాడు పిల్లలు గులాబీలు పట్టుకుని తిరుగుతుంటే, తనకూ ఇస్తారో ఇవ్వరో, ఇస్తే తీసుకోవచ్చో లేదో తేలక, ఆమె రెండేళ్ళూ ఆ కాసేపు బాత్రూంలోనే గడిపింది.

అసలు ఈ దారిలోకి రావడమే ఒక తికమక. జనగామ అవతల పల్లెలో పత్తి వేసే లచ్చయ్య కూతురు ఆమె. సర్కారు బడిలో పంతులమ్మ కావాలన్నది కోరిక. మామూలు బీఎడ్‌లో సీటు రాలేదు, యూనివర్సిటీలో స్పెషల్ బీఎడ్‌కు వచ్చింది. స్పెషల్ అంటే మామూలు దానికన్నా ఒక మెట్టు పైదేమో అనుకుంది, బస్సుల్లో ఆర్డినరీ, డీలక్స్ ఉన్నట్టు. లచ్చయ్య కూడా మా బిడ్డ స్పెషల్ టీచరైతున్నదని ఊరంతా చెప్పుకున్నాడు. అది ఇబ్బందులున్న పిల్లలకు చెప్పేవాళ్ళ చదువని క్లాసులు మొదలయ్యాక తెలిసింది, కానీ అప్పటికి హాస్టల్లో మంచం దొరికింది, స్నేహితులు దొరికారు, చెట్ల కింద నడవడం అలవాటైంది. పిల్లలందరినీ ఒకే బళ్ళో కలుపుకోవడం గురించి పరీక్షలో అడిషనల్ షీట్లు అడిగి మరీ రాసింది. ఆ పేపర్లో ఆమెకు మంచి మార్కులు వచ్చాయి.

సర్కారు నోటిఫికేషన్ మాత్రం రాలేదు. వచ్చినప్పుడు ఈమెకు ఉద్యోగం రాలేదు. ఈలోగా క్యాంపస్ గేటు దగ్గర జిరాక్స్ షాపు నడిపే కుమార్‌తో పెళ్ళై, మాణికేశ్వర్ నగర్‌లో రెండు గదుల ఇంట్లో కాపురం పెట్టింది. సొంత పిల్లలు లేరు. దాని గురించి ఈరమ్మ చాలానే మాట్లాడింది కాబట్టి మనం మాట్లాడొద్దు. పొద్దున్నే క్యాంపస్‌లోంచి అడ్డంగా నడిచి తార్నాకలోని బడికి వెళ్తుంది. దారిలో పోలీసు ఉద్యోగాల కోసం పరుగెత్తేవాళ్ళూ, గ్రూప్స్ కోసం చెట్ల కింద కూర్చుని చదివేవాళ్ళూ కనపడుతుంటారు. వాళ్ళందరికీ ఎటు పోవాలో తెలిసినట్టుందే అని ఆమెకు ఆశ్చర్యం.

ఆమె చూసుకునే పాప కౌముది. మూడో తరగతి. తల్లి వైదేహిది కాకినాడ, ఇక్కడ బ్యాంకులో ఆఫీసరు. పాపకు మూడేళ్ళప్పుడు డాక్టర్లు ఆటిజం అన్నారు. కౌముది మాటలు తక్కువ, ఆ తక్కువలోనూ చాలావరకు మెట్రో రైల్లో విన్నవే. ఆకలేస్తే "తదుపరి స్టేషన్ తార్నాక" అంటుంది, ఎందుకంటే తార్నాకలో దిగితే ఇల్లు, ఇంట్లో అన్నం. ఉన్నచోట ఉండబుద్ధి కాకపోతే "తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయి" అంటుంది. క్లాసు తలుపు కుడివైపుంది, అయినా శైలజకు అర్థమవుతుంది. లెక్కలు చకచకా చేస్తుంది. విజిల్ వినపడితే మాత్రం చెవులు మూసుకుని ఉన్నచోటే కూలబడుతుంది. శైలజ చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ పట్టుకోదు. తల్లి చెయ్యి కూడా బుద్ధి పుట్టినప్పుడే.

ఈ పాపతో ఎలా మెలగాలో శైలజకు చెప్పేవాళ్ళకు కొదవ లేదు. క్లాసుకు ఏ ఇబ్బందీ రాకూడదు, ఏదైనా జరిగేలోపే పట్టేసుకోవాలి అంటుంది ప్రిన్సిపాల్ కృపారాణి మేడం. పాపని కాస్త వదలండి, అందరిలాగా తిరగనివ్వండి అంటుంది వైదేహి. వారానికోసారి వచ్చే థెరపిస్టు, మీరు మెల్లమెల్లగా వెనక్కి జరగాలి, ఒకనాటికి మీరు అక్కర్లేకుండా పోవాలి, అదే మీ విజయం అంటుంది. శైలజకు ముగ్గురి మాటా సబబుగానే తోస్తుంది. అదే ఆమెకు వచ్చిన చిక్కు. ఒక్కరిదైనా తప్పనిపిస్తే మిగతా ఇద్దరి మాట వినొచ్చు కదా. పైగా పాప బాగా కుదురుకుంటే శైలజ ఉద్యోగం పోతుంది. కుదురుకోకపోతే పాప సీటు పోతుంది, దాంతోపాటు ఈ ఉద్యోగమూ పోతుంది. ఈ మాట కుమార్‌తో అంటే అతను జిరాక్స్ మిషను ఆపి మరీ ఆలోచించి, "గదేం నౌకరి? ఎటు జేసినా పోయేదే కదా" అని మళ్ళీ మిషను ఆన్ చేశాడు.

ఈ ఏడాది జనవరిలో కృపారాణి మేడం, వైదేహినీ శైలజనూ తన గదికి పిలిచింది. నాలుగో తరగతి నుంచి చదువు బరువెక్కుతుందని, కౌముదిని కొనసాగించడం గురించి ఆలోచించాల్సి వస్తోందని చెప్పింది. ఫిబ్రవరిలో యూనివర్సిటీ గ్రౌండ్‌లో స్పోర్ట్స్ డే ఉంది. మూడో తరగతి వాళ్ళు జోడీలుగా మార్చ్‌పాస్ట్ చేస్తారు. అందులో కౌముది ఏ గొడవా లేకుండా నడిస్తే నాలుగులో సీటు ఉంటుంది, లేకపోతే మల్కాజ్‌గిరి వైపు ఇలాంటి పిల్లల కోసమే బళ్ళున్నాయి, చూసుకోవచ్చు అంది. పిల్ల చదువు నడకలో తేలడమేమిటని అడిగే మనిషి ఆ గదిలో లేకపోయింది. శైలజను పాప పక్కనే నడవమనీ, చెయ్యి మాత్రం వదలొద్దనీ మేడం రెండుసార్లు చెప్పింది.

బయటికొచ్చాక వైదేహి మెట్ల మీద ఆగిపోయింది. "శైలజ గారూ, మా పాప వేరే బడికి వెళ్తే నాకు నామోషీ ఏం లేదండీ. ఇక్కడ వద్దన్నారని వెళ్ళాల్సి రావడం, అది మాత్రం తట్టుకోలేనండీ" అంది. స్పోర్ట్స్ డే నాడు దాని చెయ్యి వదలొద్దని తనూ చెప్పింది. రెండు మెట్లు దిగి, ఒక్క ఫోటోలోనైనా అది తోటిపిల్లల మధ్య కనబడితే బావుండునని, పక్కన పెద్దవాళ్ళెవరూ లేకుండా ఒక్క ఫోటో చాలని అంది. శైలజ రెండింటికీ తలూపింది. తలూపాక గానీ ఆ రెండూ ఒకేసారి కుదరవని ఆమెకు వెలగలేదు.

ఆ బళ్ళో జోడీలు కొత్తేమీ కాదు. నీళ్ళకు వెళ్ళినా, ఆటలకు వెళ్ళినా, బస్సు ఎక్కినా ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని వరసగా నడవాలి. ఎవరి జోడీ వాళ్ళకు ఏడాదంతా ఖాయం. కౌముదికి జోడీ శైలజ మిస్. అందులో ఎవరికీ ఏ వింతా కనపడలేదు, శైలజకు కూడా.

మొదటి ప్రాక్టీసుకు పిల్లలను గ్రౌండుకు తీసుకెళ్ళారు. ఆటల సారు పరుశురాం వరస కట్టించి, చివరికంటా చూసుకుంటూ వచ్చి, ఆఖరున ఒంటరిగా నిలబడ్డ ఉజ్వల అనే పిల్లను వెళ్ళి గ్యాలరీ మెట్ల మీద కూర్చోమన్నాడు. ఆ పిల్ల ఎందుకని అడగలేదు. వెళ్ళి కూర్చుని, అందరి వాటర్ బాటిళ్ళూ తన చుట్టూ సర్దుకుంది. ఆ పని ఎవరూ చెప్పలేదు, కానీ చేతులకు బాగా అలవాటైన పనిలాగే చేసింది. శైలజకు మనసొప్పక, పాపం ఆ పిల్లనెందుకు తీసేశారని సారును అడిగింది.

"మార్చ్‌పాస్ట్‌ల ఆఖరికి ఒక్కరే నడిస్తే మంచిగుండది మేడం. రోజూ ఆ పిల్లే మిగులుతది. నా పక్కన నడిపించుకుంట."

"రోజూ ఎందుకు మిగులుతది సార్?"

"మీరొచ్చినకాంచి గంతే కదా మేడం" అన్నాడు పరుశురాం. నిష్టూరం ఏమీ లేదు ఆ మాటలో. గ్రౌండ్‌లో నీళ్ళ డ్రమ్ము ఎక్కడుందో చెప్పినట్టు చెప్పి, ముందున్న పిల్లల కాళ్ళు సరిచెయ్యడానికి వెళ్ళిపోయాడు.

శైలజ అక్కడే నిలబడి లెక్క చూసుకుంది. క్లాసులో పిల్లలు సరిగ్గా జోడీలకు సరిపోతారు. కౌముదికి తను జోడీ కావడంతో ఆవైపు ఒక పిల్ల మిగిలిపోయింది. ఒక పిల్లను వరసలో కలిపానని ఇన్నాళ్ళూ లోలోపల కాస్త గర్వపడుతూ వచ్చింది. కలపడానికి ఇంకో పిల్లను వరస చివరికి నెట్టానని ఎవరూ చెప్పలేదు, ఆమె చూసుకోనూ లేదు. రోజూ నీళ్ళకు వెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి చూస్తే కనపడే పిల్లే. ఆమె ఒక్కసారీ తిరగలేదు. పరీక్షలో అడిషనల్ షీట్లు పెట్టి రాసిన ఆ మంచి మార్కుల పేపరు గుర్తొచ్చి సిగ్గేసింది.

మర్నాడు ఇంటర్వెల్‌లో ఉజ్వల దగ్గర కూర్చుని, నువ్వు కౌముది చెయ్యి పట్టుకుని నడుస్తావా అని అడిగింది. ఉజ్వల ఎగిరి గంతేస్తుందనుకుంది. ఆ పిల్ల బిస్కెట్ నములుతూ కాసేపు ఆలోచించి, అది కుదరదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"నేనెట్ల పట్టుకుంట మిస్? కౌముది మీ పాప కదా. మీ పాపని మీరే పట్టుకోవాలె."

శైలజ మొదట అర్థం కానట్టు చూసింది. చుట్టూ ఉన్న పిల్లల్ని అడిగింది. క్లాసు క్లాసంతా అదే అనుకుంటోంది. శైలజ మిస్ తన కూతుర్ని వెంటపెట్టుకుని బడికి వస్తుందని, కూతురికి మాటలు సరిగ్గా రావు కాబట్టి పక్కనే కూర్చుంటుందని వాళ్ళకు ఏ అనుమానమూ లేదు. పిల్లలననేం లాభం? వైదేహి ఆఫీసు హడావుడిలో కారు దగ్గరే పాపని అప్పజెప్పి వెళ్ళిపోతుంది, ఆమెను చూసిన పిల్లలే తక్కువ. ఇద్దరి అన్నాలూ వైదేహి పంపే ఒకే క్యారేజీలో వస్తాయి, ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని తింటారు. జడ ఊడితే వేసేది శైలజ, ముక్కు తుడిచేది శైలజ. క్లాసు టీచరు సైతం ఏదైనా అవసరమైతే, మీ పాపని కాస్త చూసుకోండి మేడం అంటుంది.

పిల్లల మాట విన్న శైలజకు ముందు కలిగింది సంతోషం. దాపరికం ఎందుకు, చాలా సంతోషం కలిగింది. ఆ సంతోషం వెనకాలే మెట్ల మీద ఆగిపోయిన వైదేహి ముఖం గుర్తొచ్చి, ఏదో ఎత్తుకొచ్చిన దానిలా అనిపించింది. చివరికి, కౌముది తన పాప కాదని, వాళ్ళమ్మ వేరే ఉందని, బ్యాంకులో పని చేస్తుందని పిల్లలతో చెప్పింది.

"మరి మీరెవరు మిస్?" అంది ఉజ్వల.

ఈరమ్మ అడిగిన ప్రశ్నే. టీచరునని చెబితే, మాకెందుకు పాఠం చెప్పరంటారు. ఆయమ్మనంటే కాదు. తోడు అందామనుకుంటే, తోడంటే జోడీయే కదా అంటారు. శైలజ తంటాలు పడుతుంటే ఉజ్వల మాత్రం వేరే ఏదో లెక్క తేల్చుకుంటున్నట్టు కనుబొమలు ముడిచింది.

"అయితే కౌముదికి గూడ జోడీ లేదా?"

లేదంది శైలజ. ఆ జవాబు అంత తేలిగ్గా తన నోట్లోంచి వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది. ఉజ్వల బిస్కెట్ పొడి గౌనుకు తుడుచుకుని కౌముది చెయ్యి పట్టుకుంది. కౌముది చటుక్కున చెయ్యి లాక్కుని తన గౌనుకు తుడుచుకుంది. ఉజ్వల అదేదో ఆట అనుకుని మళ్ళీ తుడుచుకుంది. అలా ఇద్దరూ బెల్లు కొట్టేదాకా తుడుచుకుంటూనే ఉన్నారు.

తర్వాతి ప్రాక్టీసుల్లోనూ చెయ్యి కలవలేదు. మార్చ్‌పాస్ట్ కోసం పిల్లల నడుములకు ఆకుపచ్చ శాటిన్ రిబ్బన్లు కట్టారు. ఉజ్వల రిబ్బను కొస వెనక వేలాడుతుంటే కౌముది దాన్ని వేళ్ళ మధ్య రుద్దుకుంటూ, ఆ నున్నదనం నచ్చి వదలకుండా వెంట నడిచింది. చేతులు పట్టుకోవాలి కదా అని పరుశురాం నసిగాడు. శైలజ ఆయన్ను బతిమాలింది. కౌముది ముందు విజిల్ ఊదొద్దనీ బతిమాలింది. ఆయన విజిలు జేబులో వేసుకుని, చప్పట్లు కొడుతూ నడిపించాడు. వాళ్ళిద్దర్నీ ఆఖరి జోడీగా పెట్టాడు.

ఇదంతా కృపారాణి మేడంకి తెలియదు. చెప్పాలా వద్దా అన్నది స్పోర్ట్స్ డే పొద్దున దాకా శైలజకు తేలలేదు. పాప గ్రౌండ్‌లో బెదిరి పరుగెత్తితే సీటు పోయినట్టే, చెయ్యి పట్టుకుని తనే నడిస్తే సీటు దాదాపు ఖాయం. అప్పుడు ఉజ్వల మెట్ల మీద కూర్చుంటుంది. ఒక పిల్ల సీటు పెద్దదా, ఇంకో పిల్ల నడక పెద్దదా? క్యాంపస్ దారంతా అదే ఆలోచిస్తూ నడిచి, ఏదీ తేల్చుకోకుండానే గ్రౌండుకు చేరింది.

షామియానా, మైకులు, కుర్చీల్లో తల్లిదండ్రులు. వైదేహి ముందు వరసలో ఫోను పట్టుకుని కూర్చుంది. మూడో తరగతి పేరు పిలిచారు. శైలజ కౌముదిని ఉజ్వల పక్కన నిలబెట్టి, రిబ్బను కొస చేతికందించి, తను గ్రౌండు చుట్టూ కట్టిన తాడు ఇవతలికి వచ్చేసింది. స్టేజీ మీంచి ప్రిన్సిపాల్ మేడం పాప పక్కకు వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపింది. శైలజ చూడనట్టు నటించింది. పెద్దవాళ్ళు చెప్పింది చూడనట్టు నటించడం ఆమె బతుకులో అదే మొదలు.

సగం దూరం బాగానే నడిచారు. అప్పుడు గ్రౌండుకు ఆ చివర, కబడ్డీ ఆడిస్తున్న ఎవరో విజిల్ ఊదారు. కౌముది చెవులు మూసుకుని కూలబడింది. ముందున్న జోడీలు లెఫ్ట్ రైట్ అనుకుంటూ వెళ్ళిపోయాయి. శైలజ ఒక కాలు తాడు దాటింది, రెండో కాలు దాటలేదు. వెళ్తే ఒకటి, వెళ్ళకపోతే ఒకటి. వైదేహి లేచి నిలబడి పాపకేసి కాదు, శైలజకేసి చూస్తోంది. ఆ చూపులో వెళ్ళమని ఉందో వద్దని ఉందో శైలజకు అంతు పట్టలేదు.

ఉజ్వల వెళ్ళిపోతున్న వరసను చూసింది. వెనక్కి తిరిగి శైలజను చూసింది. ఎవరూ ఏమీ చెప్పకపోయేసరికి తనూ కౌముది పక్కన చతికిలబడి చెవులు మూసుకుంది. గ్రౌండు మధ్యలో ఇద్దరూ అలా కాసేపు కూర్చున్నారు. ఆ తర్వాత కౌముది ఏదో అంది. ఇంత దూరానికి వినపడకపోయినా పెదాల కదలిక చూసి శైలజ పోల్చుకుంది, తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయి. ఉజ్వల ఎడమవైపు చూసింది. అటు నీళ్ళ డ్రమ్ము ఉంది. ఇద్దరూ లేచి, ఆ రిబ్బనుతోనే ఒకరినొకరు కట్టేసుకున్నట్టుగా, స్టేజీకి సెల్యూట్ గిల్యూట్ ఏమీ లేకుండా నేరుగా డ్రమ్ము దగ్గరికి వెళ్ళి నీళ్ళు తాగారు. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. కృపారాణి మేడం కొట్టలేదు.

ఆ వారమంతా సీటు సంగతి ఎవరూ ఎత్తలేదు. శైలజకు అన్నం సయించలేదు. తన మొండితనానికి ఇంకొకరి పిల్లను బలి పెట్టానేమోనని రోజుకోసారి కుమార్‌ను అడిగేది, అతను రోజుకో రకంగా చెప్పేవాడు. ఎవరో తండ్రి తీసిన ఫోటో ఈలోగా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో తిరిగింది. ఇద్దరు ఆడపిల్లలు ఖాళీ గ్రౌండ్‌లో చెవులు మూసుకుని కూర్చున్న ఫోటో. సోమవారం శైలజ బడికి వచ్చేసరికి గేటు మీద పెద్ద ఫ్లెక్సీ వేలాడుతోంది. అదే ఫోటో, కింద "ప్రతి చిన్నారినీ కలుపుకునే మా బడి, అడ్మిషన్లు జరుగుచున్నవి" అని ఉంది. ఫ్లెక్సీ మీద ఉన్న పిల్లను బళ్ళోంచి ఎలా పంపిస్తారు? కౌముది సీటుకు ఢోకా లేదని మేడం వైదేహికి నవ్వుతూ చెప్పింది.

వైదేహి బయటికొచ్చి శైలజ చేతులు రెండూ పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు తగ్గాక, మీ రుణం తీర్చుకోలేనని, వచ్చే ఏడాది మీ అవసరం ఎంతవరకు ఉంటుందో థెరపిస్టుతో మాట్లాడి చెబుతానండీ అని అంది. శైలజ దీనికీ తలూపింది. సంతోషపడాల్సిన సమయమని తెలుసు, సంతోషంగానే ఉంది.

ఇంటర్వెల్ బెల్లు కొట్టారు. నీళ్ళకు వెళ్ళడానికి మూడో తరగతి వరస కట్టింది. ఉజ్వల వచ్చి నిలబడగానే కౌముది ఆమె గౌను బెల్టు కొస పట్టుకుంది. జోడీలన్నీ సరిపోయాయి. శైలజ అలవాటు కొద్దీ చాచిన చేతిని ఏం చెయ్యాలో తోచక, చున్నీ సర్దుకుని, వరస పక్కన ఒకసారి ముందుకూ ఒకసారి వెనక్కీ నడిచింది. ఉజ్వల అది చూసింది.

"మిస్, మిగిలినోళ్ళు ఆటల సార్ పక్కన నడవాలె. నేను గట్లనే నడిచేదాన్ని" అంది. కాస్త ఆగి, "ఏం కాదు మిస్, అలవాటైతది" అని చెప్పి, కౌముదిని వెంటబెట్టుకుని ముందుకు కదిలింది.

శైలజ వరస చివరికి వెళ్ళింది. పరుశురాం సారు ఏమీ అడక్కుండా కొంచెం పక్కకు జరిగి చోటిచ్చాడు.